సున్నంతో కట్టిన ఇటుక గోడను బాగుచేసిన విధానం

రాజమహేంద్రవరంలోని మా తాతగారి ఇల్లు గానుగ సున్నంతో కట్టిన పాత ఇటుక కట్టడం. వీధివైపు గోడకు గతంలో సిమెంటుతో పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులను పూడ్చే పని) చేయించిన తరువాత సందులు గట్టిగానే నిలిచాయి గాని, ఇటుకల ముఖాలు పొరలుగా రాలసాగాయి. గోడలో చేరిన తేమ మెత్తని సున్నపు సందుల గుండా బయటికి ఆరిపోవాలి. సిమెంటు ఆ దారిని మూసివేయడంతో నీరు, దానితోపాటు వచ్చిన లవణాలు ఇటుకలోనే చిక్కుకొని దానిని లోపలినుంచి పగలగొడుతున్నాయి.

అందువల్ల ఉలి, చిన్న సుత్తి మాత్రమే వాడించి, సిమెంటును సుమారు 25 మిల్లీమీటర్ల లోతు వరకు తీయించాను. కోత యంత్రం కాస్త జారినా ఇటుక అంచు పోతుంది, అటువంటి ఇటుక మళ్లీ దొరకదు. బాగా నానిన సున్నం 1 పాలు, జల్లించిన ఏటి ఇసుక 3 పాళ్లు కలిపి, గోడను ముందుగా తడిపి, సందులలో పొరలు పొరలుగా నొక్కించాను. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక, ఎండ తగలకుండా తడి గోనెలు కప్పి ఉంచాము. మొత్తం పనిలో తొందరపడకూడని ఘట్టం ఇదేనని నా దృఢమైన అభిప్రాయం.

అది కూడా తేమ ఆరే దారిని మూసివేస్తుంది కనుక గోడకు ప్లాస్టిక్ రంగు వేయనివ్వలేదు. పగిలిన చూరు గొట్టాన్ని మార్పించి, వాననీరు గోడమీద పారకుండా చేశాము.