నానో బంగారం మీద ఎలక్ట్రాన్ చేతులు మారడం చూడాలంటే

నానో కణాలు చేశాక చాలామంది "సైజు చిన్నది, ఉపరితలం ఎక్కువ, అందుకే రియాక్షన్ త్వరగా అయింది" అని రికార్డులో రాసేసి ఊరుకుంటారు. అది సగం మాటే. ఎలక్ట్రాన్ ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్లిందో కూడా చూడాలి, దానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, కాకినాడలోనో భీమవరంలోనో మామూలు కాలేజీ ల్యాబ్‌లో యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరికరం) ఉంటే చాలు.

ఇక్కడ చూసే రియాక్షన్‌లో సోడియం బోరోహైడ్రైడ్ ఎలక్ట్రాన్లిస్తుంది, 4-నైట్రోఫినాల్ వాటిని తీసుకుని 4-అమైనోఫినాల్ అవుతుంది. ముందు బంగారం లేకుండా ఆ రెండూ కలపండి. పసుపు చిక్కబడి, పీక్ (కాంతిని ఎక్కువగా పీల్చుకునే చోటు) 317 నుంచి 400 నానోమీటర్లకు జరుగుతుంది. దాన్ని చూసి రియాక్షన్ మొదలైందనుకోకండి, క్షారంలో నైట్రోఫినాల్ ప్రోటాన్ పోగొట్టుకుని ఫినోలేట్ అయాన్‌గా మారిందంతే. బోరోహైడ్రైడ్ దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లున్నాయి, ఒక్కో నైట్రో గ్రూపుకి ఆరు కావాలి, అయినా బంగారం లేకపోతే ఆ పసుపు అలాగే ఉండిపోతుంది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు చేసే పనే ఇక్కడ బంగారు కణం చేస్తుంది: బోరోహైడ్రైడ్ దగ్గర ఎక్కించుకుని నైట్రోఫినాల్ దగ్గర దించుతుంది.

క్యూవెట్‌లో (పరికరంలో పెట్టే చిన్న పారదర్శక పాత్రలో) నైట్రోఫినాల్ 0.1, బోరోహైడ్రైడ్ 10 మిల్లీమోలార్ ఉండేలా 3 మిల్లీలీటర్లు తీసుకుని, 50 మైక్రోలీటర్ల బంగారు కొల్లాయిడ్ (నానో కణాలు తేలుతున్న నీళ్లు) వేయండి. 400 దగ్గర పీక్ తగ్గుతూ 300 దగ్గర 4-అమైనోఫినాల్ పీక్ లేస్తుంది. బోరోహైడ్రైడ్ వంద రెట్లు ఉంది, దాని గాఢత దాదాపు మారదు, కాబట్టి 400 దగ్గరి శోషణకి సహజ లాగరిథమ్ తీసి కాలంతో గ్రాఫ్ గీస్తే, వాలు నుంచి రేటు స్థిరాంకం వస్తుంది. మొదట్లో కాసేపు ఏమీ జరగనట్టుంటే కంగారు పడొద్దు, ఆ విరామం మామూలే.

ఎలక్ట్రాన్ లోహంలోకి ఎక్కిందనడానికి ఆధారం కావాలా? నైట్రోఫినాల్ లేకుండా ఉత్త కొల్లాయిడ్‌లోనే బోరోహైడ్రైడ్ వేసి, 520 దగ్గరి ప్లాస్మాన్ పీక్ (బంగారు కణంలోని ఎలక్ట్రాన్లు కాంతికి కలిసి ఊగడం వల్ల వచ్చేది) చూడండి, కొంచెం తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. కణంలో ఎలక్ట్రాన్ల సాంద్రత పెరిగిందన్నమాట. నాకైతే ఈ ప్రయోగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. వెండితో మొదలుపెట్టకండి, దాని ప్లాస్మాన్ కూడా 400 దగ్గరే ఉంటుంది, ఏది ఏదో తేలదు.

తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, గాజు సామాను చివరిసారి తప్పకుండా డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగండి, ఉప్పు తగిలితే ఎర్రని కొల్లాయిడ్ ముద్దకట్టి నీలమవుతుంది. మన తేమకి బోరోహైడ్రైడ్ సీసా మూత తీసి ఉంచితే పాడైపోతుంది, ఎప్పటికప్పుడు ఐసు నీళ్లలో కలుపుకోండి, హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మూత బిగించొద్దు. నైట్రోఫినాల్ విషం, గ్లవ్స్ వేసుకోండి. మిగిలినదాన్ని సింకులో పోయకుండా వ్యర్థాల సీసాలోనే పోయండి.