ఈకలు లేని బ్రాయిలర్ మన ఎండలకు సరిపోతుందా? దిగేముందు చూసుకోవాల్సినవి

రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడ పక్కన నున్న గ్రామం వైపు కోళ్ల షెడ్లు పెట్టుకున్న మాలాంటివాళ్లకు ఆ కార్తె రాకముందే టెన్షన్ మొదలవుతుంది. ఐదు వారాలు దాటి రెండు కిలోలకు వచ్చిన కోడి మిట్టమధ్యాహ్నం నోరు తెరిచి రొప్పుతూ కూలబడిందంటే, అప్పటిదాకా పెట్టిన మేతంతా పోయినట్టే. అందుకే ఇజ్రాయెల్ బోడి కోడి ఫొటో ఫోన్‌లో కనబడగానే మా కుర్రాళ్లు "బాబాయ్, ఇవి పెంచుదామా?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కోడి సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, డేవిస్‌లో, 1950లలో న్యూ హాంప్‌షైర్ కోళ్లలో ఈ మార్పు దానంతటదే పుట్టింది. ఒంటి మీద ఈకలే కాదు, కాళ్ల మీద పొలుసులు కూడా ఉండవు. హీబ్రూ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్త అవిగ్దోర్ కహానెర్ ఆ గుణాన్ని వేగంగా పెరిగే బ్రాయిలర్లలోకి సంకరం ద్వారా తెచ్చారు. 2002లో ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. చాలామంది అనుకుంటున్నట్టు ఇది ల్యాబ్‌లో జన్యువు అతికించి చేసిన కోడి కాదు, మామూలు జతకట్టింపే. ఇప్పటివరకు వ్యాపార స్థాయికి మాత్రం రాలేదు.

లాభం నిజమైనదే. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. తొందరగా పెరిగే బ్రాయిలర్ లోపల ఇంకా ఎక్కువ వేడి పుడుతుంది, దాని మీద ఈకలు మే నెలలో కప్పుకున్న రగ్గులాంటివి. ఈకలు లేకపోతే వేడి చర్మం నుంచి నేరుగా పోతుంది. కహానెర్ బృందం 35 డిగ్రీల వేడిలో పెంచి చూస్తే ఈకలున్నవి మేత తగ్గించి బరువు తగ్గాయి, లేనివి బాగానే ఎదిగాయి, రొమ్ము మాంసం కూడా ఎక్కువ వచ్చింది. పైగా ఈక అంటే దాదాపు అంతా ప్రోటీనే. ఆ మేర మేత ఒంటికి మిగులుతుంది.

ఇక మీ షెడ్ దగ్గరికి రండి. పక్కలు తెరిచి వల కట్టిన షెడ్ అయితే ఈ ఆలోచన అక్కడితో ఆపేయండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున వీచే చలిగాలికి ఈకలు లేని కోడి మేతను ఒంటి వెచ్చదనానికే ఖర్చు పెడుతుంది. ఎండాకాలం మిగిల్చింది చలికాలం తినేస్తుంది. పిల్లల్ని బ్రూడర్ (వెచ్చదనమిచ్చే దీపం) కింద ఉంచాల్సిన రోజులూ పెరుగుతాయి. ఎండ పొడ నేరుగా తగిలితే చర్మం కాలుతుంది. మా వైపు కాలవగట్ల దోమల సంగతి తెలిసిందే, వాటికి అడ్డమేముంటుంది? కిక్కిరిసిన షెడ్‌లో ఒకదాని గోళ్లు ఒకదానికి గీరుకుని పుండ్లు పడతాయి. కోడిని చల్లబరచడానికి దాని తోలునే పణంగా పెట్టడం నాకు మనసొప్పదు. చల్లదనం, గాలి, వెలుతురు అన్నీ యంత్రంతో నడిచే మూసిన షెడ్ ఉన్నవాళ్లే దీని గురించి ఆలోచించాలి. అయితే అలాంటి షెడ్ ఉంటే వేడి సమస్య చాలావరకు తీరినట్టే కదా!

సంతానం లెక్క ఇంకో చిక్కు. ఈ గుణం అణగి ఉండే రకం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే ఈకలు పోతాయి. పైకి మామూలుగా కనబడుతూ లోపల గుణం మోసే పుంజునూ పెట్టనూ కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటే బోడిది. బోడి పుంజును అలాంటి పెట్టతో కలిపితే సగం. మొత్తం బ్యాచ్ బోడిదే కావాలంటే తల్లిదండ్రులిద్దరూ బోడివే కావాలి. రెక్కల ఈకలు లేని పుంజు పెట్ట మీద నిలదొక్కుకోలేదు, పెట్ట వీపు చీరుకుపోతుంది. కృత్రిమ గర్భధారణ తప్పదు, దానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి.

అమ్మకం దగ్గర మన ఊళ్ల పద్ధతి వేరు. మరుగునీళ్లు, ఈకలు పీకే మిషన్ ఖర్చు తప్పుతుందన్నది విదేశాల్లో పెద్ద లాభం. విజయవాడలో, గుంటూరులో ఏ చికెన్ కొట్టు ముందైనా కాసేపు నిలబడి చూడండి. ఎక్కువమంది స్కిన్‌లెస్ అడుగుతారు, కొట్టువాడు తోలుతో సహా ఈకలు లాగేస్తాడు. పీకే పనే లేనప్పుడు మిగిలేదేముంది? చెత్త తగ్గుతుంది, అది మంచిదే. కానీ మనకు డబ్బు వచ్చేది బతికున్న కోడి బరువు మీద. ఈకల బరువు లేని కోడిలో మాంసం వాటా ఎక్కువ, ఆ లాభం కొట్టుకు పోతుంది. కిలోకి రేటు పెంచి ఇస్తానని కొనేవాడు ముందే ఒప్పుకుంటే తప్ప రైతుకు చేరదు.

నేను చెప్పే దారి మెడ మీద ఈకలు లేని కోడి. దీని గుణం పైకి తేలే రకం, ఒక్కవైపు నుంచి వచ్చినా చాలు. ఒంటి ఈకలు సుమారు ఐదో వంతు తగ్గుతాయి, రెండువైపుల నుంచీ వస్తే ఇంకా ఎక్కువ. వీపు, రెక్కలు కప్పే ఉంటాయి కాబట్టి చలికీ దోమకూ కొంత రక్షణ, జతకట్టడానికీ ఇబ్బంది లేదు. పెరటి కోళ్లున్నవాళ్లు రెండువైపుల నుంచీ ఈ గుణం వచ్చిన పుంజును మామూలు పెట్టలతో వదిలితే పుట్టే పిల్లలన్నీ బోడిమెడవే. పుంజు అలాంటిదో కాదో తెలియాలంటే మెడ ముందుభాగం చూడండి. అక్కడ ఈకల కుచ్చు గుబురుగా ఉంటే దానికి ఒక్కవైపు నుంచే గుణం వచ్చింది, సగం పిల్లలకే వస్తుంది. కుచ్చు లేకుండా మెడంతా నున్నగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కొనేముందు గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఒకసారి అడగండి.

కంపెనీ ఇచ్చే కోడిపిల్లలు పెంచేవాళ్లకు ఈ ఎంపిక చేతిలో ఉండదు. వాళ్లు ఫిబ్రవరిలోనే కప్పు మీద సున్నం కొట్టి, వరిగడ్డి పరిచి, పైన స్ప్రింక్లర్ పెట్టాలి. ఎండాకాలం బ్యాచ్‌లో పిల్లల సంఖ్య తగ్గించండి. పడమటి వైపు గోనెపట్టాలు కట్టి తడపండి, కానీ గాలి ఆగకూడదు. గాలి ఆడకుండా ఫాగర్లు (నీటిని మంచులా చిమ్మేవి) నడిపితే ఉక్క పెరిగి కోడి రొప్పినా లాభముండదు. నీళ్ల ట్యాంకు నీడలో ఉండాలి. మేత తెల్లవారుజామునే వేసి, ఎండ ముదిరే వేళకు గిన్నెలు పైకి కట్టేసి, మళ్లీ చల్లబడ్డాకే దించండి. మేత అరిగేటప్పుడు పుట్టే వేడే మధ్యాహ్నం కోడి ప్రాణం మీదికి తెస్తుంది.