బసవన్న కాళ్ళు నేలకు ఆనాలి

నర్సీపట్నంలో మా నాన్నకి ఫోటో స్టూడియో ఉండేది. ఏడాదిలో నాలుగైదుసార్లు ఒకే రకం పని వచ్చేది. ఎవరో ఒక ముసలమ్మ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, పోయిన భర్త పాస్‌పోర్ట్ సైజు ఫోటో కొంగుముడి విప్పి తీసి, "మా ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టు నాయనా" అనేది. ఫోటోలో తల, భుజాలు తప్ప ఏమీ ఉండేవి కావు. అందుకని మా బాబాయికి పంచె కట్టించి కుర్చీలో కూచోబెట్టేవాడు నాన్న. తల ఆ పెద్దాయనది, ఒళ్ళు మా బాబాయిది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని గోడల మీద మా బాబాయి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూచున్నాడో లెక్కలేదు.

ప్రింటుని బ్లేడుతో కోసి, అంచుల్ని వెనకవైపు నుంచి గరుకు కాగితంతో అరగదీసి, పల్చబడ్డాక అతికించేవాడు. లేకపోతే కాగితం మందానికి సన్నటి నీడ పడి అతుకు బయటపడిపోతుంది. ఆ పైన బ్రష్షుతో టచింగ్, తర్వాత మొత్తాన్ని మళ్ళీ ఫోటో తీయడం. కానీ బ్లేడు పట్టడానికి చాలా ముందే ఆయన చేసే పని ఒకటుంది. పాత ఫోటోని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి వెలుగు ఏ చెంప మీద పడిందో చూసి, ముసలమ్మకీ బాబాయికీ లైటు అదే వైపు పెట్టేవాడు. ఫోటోషాప్ నేర్చుకున్న ఇన్నేళ్ళకీ నేను ఎక్కువసార్లు తప్పేది అక్కడే.

ఇప్పుడు నేను విశాఖలో ఉంటున్నాను. వేర్వేరు ఫోటోల ముక్కల్ని కంప్యూటర్లో కలిపి ఒకే ఫోటోగా చేసి క్లబ్బు పోటీలకీ, సలోన్లకీ (ఫోటో ప్రదర్శన పోటీలు) పంపుతుంటాను. కొత్తవాళ్ళు నన్నడిగే మొదటి ప్రశ్న "కటింగ్ నీట్‌గా ఎలా చేయాలి సార్?" అని. కటింగ్ చివరి సంగతి. నలదమయంతుల కథ గుర్తుందా? స్వయంవరంలో నలుడి పక్కన నలుగురు దేవతలు అచ్చం నలుడిలాగే వచ్చి కూచున్నారు. ముఖాలు చూస్తే తేడా తెలియదు. దమయంతి ఏం చూసింది? వాళ్ళకి నీడ లేదు, రెప్ప పడదు, చెమట లేదు, దుమ్ము అంటలేదు, మెడలో దండ వాడలేదు, కాళ్ళు నేలకి ఆనలేదు. నిజం నలుడికి ఇవన్నీ ఉన్నాయి. జడ్జీలు చూసేదీ అవే.

పని మొదలుపెట్టే ముందు ఏ విభాగానికి పంపుతారో తేల్చుకోండి. ఓపెన్ కలర్, ఓపెన్ మోనోక్రోమ్‌లలో వేర్వేరు ఫోటోలు కలపొచ్చు. నేచర్, ఫోటోజర్నలిజం, ట్రావెల్ విభాగాల్లో వేరే ఫోటోలోంచి ఒక్క పిట్టని తెచ్చిపెట్టినా అంతే సంగతులు. ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య), పీఎస్ఏ (అమెరికా ఫోటోగ్రఫీ సొసైటీ) గుర్తింపు ఉన్న సలోన్లలో ఓపెన్‌లో కూడా ప్రతి ముక్కా మీరు తీసిందే అయి ఉండాలి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రెడీమేడ్ ఆకాశాలు, నెట్‌లో దొరికే టెక్స్చర్లు, ఏఐ పుట్టించిన మబ్బులు పనికిరావు. అడిగితే చూపించడానికి రా ఫైళ్ళన్నీ (కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్ళు) దాచుకోండి. కలపడం మోసమేమో అన్న బెంగ మాత్రం వద్దు. 1857లోనే ఆస్కార్ రైలాండర్ ముప్ఫైకి పైగా నెగటివ్‌లు కలిపి చేసిన ఒకే చిత్రాన్ని మాంచెస్టర్ ప్రదర్శనలో పెట్టాడు.

ఇక నేను చెడగొట్టి, మళ్ళీ చేసుకున్న ఫోటో గురించి చెబుతాను. లంబసింగి దగ్గర డిసెంబరు తెల్లవారుజామున తీసిన ఖాళీ రోడ్డు ఒకటి నా దగ్గరుంది. రెండు వైపులా చెట్లు, కాస్త దూరం పోయాక అంతా మంచు. ఆ రోడ్డు మీద గంగిరెద్దునీ, దాన్ని ఆడించేవాడినీ నడిపించాలని ఆశ. నర్సీపట్నం వీధిలో తిరిగే బసవన్నని ఘాట్ రోడ్డు ఎక్కించి అంత దూరం తీసుకెళ్ళలేను కదా! సంక్రాంతి రోజు పొద్దున్న పది గంటలకి నర్సీపట్నంలోని మా వాకిట్లో తీసిన ఫోటోలోంచి ఇద్దర్నీ కోసి రోడ్డు మీద పెట్టాను. మూడు రాత్రుళ్ళు కూచుని కుచ్చుల్లో ఒక్కో పోగూ మాస్క్ చేశాను (చుట్టూ అక్కర్లేనిది కనబడకుండా దాచాను). మా ఆవిడ కాఫీ తెచ్చి ఒక్క క్షణం చూసి, "ఏవండీ, బసవన్న గాల్లో ఉన్నాడేంటి?" అంది.

తప్పులు వెతికితే ఒకటి కాదు. మంచులో వెలుగు అన్ని వైపుల నుంచీ మెత్తగా వస్తుంది. నా ఎద్దు కొమ్ముల మీద పది గంటల ఎండ తళతళలాడుతోంది, పొట్ట కింద నల్లటి నీడ. గట్టి ఎండని మెత్తటి వెలుగుగా నమ్మేలా మార్చే మంత్రం నాకు తెలిసిన ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. ఇలాంటప్పుడు మొండికేయకుండా మళ్ళీ తీసుకోవడమే మేలు.

రెండోది కెమెరా ఎత్తు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ళకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గాని ఏమిటో తెలియదు. చదునైన నేల మీద నిలబడ్డ ప్రతిదాన్నీ హొరైజన్ గీత మీ కెమెరా ఎత్తు దగ్గరే కోస్తుంది. రోడ్డు ఫోటో నేను గొంతుక్కూచుని తీశాను, కెమెరా నేలకి రెండున్నర అడుగుల ఎత్తున ఉంది. అంటే ఆ రోడ్డు మీద దగ్గరున్నా దూరమున్నా మనిషి తొడ మధ్యలోంచి గీత పోవాలి. ఎద్దుని మాత్రం నిలబడి, అయిదడుగుల ఎత్తునుంచి తీశాను. దాని వీపు పైనుంచి కనిపిస్తోంది, రోడ్డేమో కిందనుంచి. మంచులో హొరైజన్ కనబడకపోతే రోడ్డు రెండు అంచుల మీదా గీతలు గీసి పొడిగించండి, కలిసే చోటే హొరైజన్. రోడ్డు ఎత్తుపల్లాలు లేకుండా ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది.

మూడోది దూరం. వాకిలి ఇరుకు కాబట్టి ఎనిమిది అడుగుల నుంచి తీశాను, అందుకే మూతి పెద్దదై వెనక కాళ్ళు చిన్నవయ్యాయి. రోడ్డు మీద అది నిలబడాల్సింది పాతిక అడుగుల దూరంలో.

మరుసటి ఏడు టేపు పట్టుకుని సిద్ధంగా కూచున్నాను. గంగిరెద్దులాయన్ని ముందురోజే బతిమాలి, పొద్దు పొడవకముందే రమ్మన్నాను. రెండు వందలూ, బసవన్న మీద కప్పడానికి మా ఆవిడ పాత చీరా ఇచ్చాం. కెమెరా రెండున్నర అడుగుల ఎత్తు, పాతిక అడుగుల దూరం, రోడ్డుకి వాడిన 50 ఎంఎం లెన్సే. ఎదురింటి బూడిదరంగు సిమెంటు గోడ ముందు నిలబెట్టాను. ఈ గోడ సంగతి గుర్తుపెట్టుకోండి. కొత్త బ్యాక్‌గ్రౌండు రంగుకి దగ్గరగా ఉన్నదాని ముందు తీస్తే తోక వెంట్రుకల మధ్య పాత గోడ కొద్దిగా మిగిలిపోయినా కంటికి ఆనదు. మొదటిసారి వెనక సున్నం గోడ ఉండబట్టే ఎద్దు చుట్టూ తెల్లటి అంచు వచ్చి మూడు రాత్రుళ్ళు పోయాయి. నిలబెట్టింది కూడా తారురోడ్డు మీదే. కోసేటప్పుడు గిట్టల చుట్టూ జానెడు తారు కూడా ఉంచుకుని, దాన్ని లంబసింగి తారులో మెత్తటి బ్రష్షుతో కలిపేశాను. గిట్ట కింద పడే అసలు నీడ దాంతోపాటే వచ్చింది.

అలా ఉంచుకునే వీలు లేకపోతే నీడ చేత్తో వేయాలి. కింది బొమ్మని ముదురు చేసే మల్టిప్లై లేయర్ ఒకటి పెట్టి, ఆ దృశ్యంలోనే ఉన్న నీడలోంచి రంగు తీసుకోండి. శుద్ధ నలుపు వద్దు. గిట్ట నేలని తాకేచోట సన్నగా, ముదురుగా ఒక గీత. దాని చుట్టూ కాస్త వెడల్పుగా, పల్చగా ఇంకోటి. మంచులో పొడుగు నీడలు ఉండవు గాని పొట్ట ఆకాశాన్ని మూసేస్తుంది కాబట్టి దాని కింద నేల కొంచెం మసకబారుతుంది. ఎండ ఫోటో అయితే బొమ్మ ఆకారాన్నే వంచి నీడ చేయొచ్చు, కాకపోతే పాదం దగ్గర అంచు గట్టిగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉండాలి. రోడ్డు మంచుకి తడిసి ఉంది గనక నేను ఎద్దుని తలకిందులు చేసి, నిలువుగా బ్లర్ చేసి, పది శాతం ఒపాసిటీతో, అంటే లీలగా కనిపించేలా, ప్రతిబింబం కూడా పెట్టాను.

తర్వాత నలుపు కలపాలి. మంచులో ఏదీ నిజంగా నల్లగా ఉండదు. నా రోడ్డు ఫోటోలో ఇరవై అడుగుల అవతలున్న చెట్టు మొదలు, అన్నింటికంటే నల్లటి చోట, 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) లెక్కలో 58 చూపించింది. ఎద్దు కన్ను 6. కర్వ్స్‌లో (వెలుగునీడల్ని మార్చే గీత) ఎడమ కొసని పైకి లేపి ఎద్దు నలుపుని కూడా దాని దూరానికి తగ్గట్టు ఆ 58 దగ్గరకి తెచ్చాను. ముందు భాగం కన్నా వెనక కాళ్ళ మీద మంచు కాస్త ఎక్కువ పడేలా మాస్క్ వేశాను. రంగు కలపడానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళని విడివిడిగా నలుపు-తెలుపులో చూస్తూ ఒక్కోదాన్ని కర్వ్స్‌తో సరిచేయండి. కంటితో "కొంచెం నీలం కలుపుదాం" అనుకుంటే రాత్రి ఒక రంగు, పొద్దున్న ఒక రంగు కనిపిస్తుంది.

రోడ్డు ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 1600, ఎద్దు 800. రెండింటి గ్రెయిన్ (ఫోటోలో కనిపించే ఇసుకలాంటి సన్నటి చుక్కలు) వేరు. రెండింటికీ ఆ చుక్కలు (నాయిస్) తగ్గించి, అన్నీ కలిశాక మొత్తం మీద ఒకే గ్రెయిన్ చల్లాను. అంచుల్ని నూరు శాతం సైజులో చూస్తూ లెన్సు ఎంత మెత్తదనం ఇచ్చిందో అంతే మెత్తగా ఉంచాలి, బ్లేడుతో కోసినట్టు ఉండకూడదు.

చంద్రుణ్ణి అతికించే సరదా ఉన్నవాళ్ళకి ఒక మాట. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ మేర ఉంటాడు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 6000 పిక్సెళ్ళ వెడల్పు ఫోటోకి, 24 ఎంఎం లెన్సుతో తీస్తే సుమారు 35 పిక్సెళ్ళు. 200 ఎంఎంతో తీసినవాడు 290 దాకా వస్తాడు. వాణ్ణి తెచ్చి 24 ఎంఎం ఫోటోలో పెడితే కొబ్బరిచెట్టు మీద జల్లెడ వేలాడదీసినట్టుంటుంది. నెలవంక వెలిగిన వైపు సూర్యుడి వైపే తిరిగి ఉండాలన్నది కూడా మర్చిపోతుంటారు.

సూర్యుడంటే గుర్తొచ్చింది. మా క్లబ్బులో ఒక కుర్రాడు భీమిలిలో సాయంత్రం వలలు లాగుతున్న జాలర్లని తీసి, వెనక సముద్రంలో ఎర్రటి సూర్యుణ్ణి పెట్టాడు. పనితనం ముచ్చటగా ఉంది. కానీ మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పుడతాడే గాని అందులో మునగడు. ఆ రోజు జాలర్ల ముఖాల మీద వెలుగు ఒడ్డువైపు నుంచి పడింది, నీడలేమో పోయిపోయి సూర్యుడి వైపే సాగాయి. విశాఖలో పుట్టిన జడ్జికి దొరికిపోయాడు.

పంపే ముందు ఫోటోని అద్దంలో చూసినట్టు తిప్పి చూడండి. అలవాటైన కన్ను ఉలిక్కిపడుతుంది. పైన కర్వ్స్ లేయర్ ఒకటి పెట్టి దాన్ని అలలాగా వంచేస్తే, బాగానే కలిశాయనుకున్న ముక్కలు వేరే రంగులో ఎగిరిపడతాయి. ఆ లేయర్ తీసేయడం మర్చిపోకండి, నేను ఒకసారి మర్చిపోయాను. తర్వాత రెండు రోజులు ముట్టుకోకుండా వదిలేసి, ఫోటోగ్రఫీ తెలియని మనిషికి చూపించండి. మా ఆవిడ రెండోసారి ఏమీ అనకుండా కాఫీ పెట్టేసి వెళ్ళిపోయింది, అప్పుడు పంపాను. యాక్సెప్టెన్స్ వచ్చింది, అంటే ప్రదర్శనకి ఎంపికైంది.

ఆ తర్వాతి సంక్రాంతికి గంగిరెద్దులాయనకి ఏ4 ప్రింటు ఇచ్చాను. సన్నాయి చంకలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇదే ఊరు బాబూ? నేనెప్పుడెళ్ళాను?" అన్నాడు. లంబసింగి అని చెప్పాను. ఇంకాసేపు చూసి, వేలితో బసవన్న ముక్కు చూపించాడు.

"అంత చలిలో దీని ముక్కులోంచి పొగ రావాలి కద బాబూ?"