రెడ్ అలర్ట్ దాకా ఆగొద్దు: అక్టోబర్, నవంబర్ జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ 15 నాటికి దేశం మొత్తం నుంచి వెళ్లిపోతాయి. వానాకాలం అయిపోయిందని మనం గొడుగులు అటక మీద పెట్టేస్తాం. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతం తుపాన్లు మొదలుపెడుతుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. ఒడిశా సూపర్ సైక్లోన్ 1999 అక్టోబర్ 29న. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబర్‌లోనే. కాబట్టి ఈ రెండు నెలలూ పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. పొద్దున చెప్పింది సాయంత్రానికి మారుతుంది.

దేశమంతటికీ ఇచ్చే అంచనాలో తమిళనాడు వానలు, హిమాచల్ కొండల మీద మంచు, ఢిల్లీ కాలుష్యం అన్నీ కలిసి ఉంటాయి. అందులో మీ జిల్లాకు ఇచ్చిన హెచ్చరిక రంగు ఏమిటి, అది ఏ రోజుకి అన్నది పట్టుకోండి. ప్రయాణం ఉంటే దిగే ఊరి జిల్లా కూడా చూడాలి.

పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని. చాలామంది ఎరుపు చూశాకే కదులుతారు. నన్నడిగితే పనులు పసుపులోనే మొదలుపెట్టి ఆరెంజ్‌లో ముగించేయాలి. ఎరుపు వచ్చేసరికి గట్టి ఇంట్లోనో పునరావాస కేంద్రంలోనో ఉండాలి. చేపల వేటకు వెళ్లినవాళ్లు అప్పటికే ఒడ్డుకు చేరి ఉండాలి.

24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం అంటారు. వంద గజాల డాబా మీద అంత వాన పడితే దాదాపు 17 వేల లీటర్లు. ఆ నీళ్లన్నీ పోవాల్సింది మూలనున్న ఒక్క గొట్టంలోంచి, దాని నోట్లో రాలిన ఆకులుంటాయి. ఈరోజే మేడెక్కి తీసేయండి.

హుద్‌హుద్ అప్పుడు మేం విశాఖలో ఉన్నాం. కొవ్వొత్తులు, బిస్కెట్లు అన్నీ తెచ్చుకున్నాం గానీ ట్యాంకు నింపడం మర్చిపోయాం. కరెంటు పోయాక మోటారు లేదు, రోజుల తరబడి బకెట్లతో మోసుకున్నాం. అందుకే ఆరెంజ్ రాగానే నా మొదటి పని ట్యాంకు నింపడం, తర్వాతే ఫోన్ ఛార్జింగ్. పూలకుండీలు, విరిగిన రేకు ముక్కలు మేడ మీద వదలకండి, ఆ గాలికి రేకు కత్తిలా ఎగురుతుంది. ఇంకో ముఖ్యమైన మాట. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మీ ఊరి మీదుగా పోతుంటే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. జనం బయటికొచ్చేస్తారు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అదే జోరుతో మళ్లీ కొడుతుంది. తుపాను దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా తలుపు తీయొద్దు.

పిడుగులది వేరే లెక్క, వాటికి తుపాను అక్కర్లేదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లలోపే ఉంటే పొలంలో పని ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. చెట్టు కిందకు మాత్రం పోవద్దు. పశువుల వెంట వెళ్లేవాళ్ల ఫోన్లో దామిని యాప్ వేసిపెట్టండి, దగ్గర్లో పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది.

వరి కోతకొచ్చిన రైతుకు ఏడాది కష్టం ఈ బులెటిన్ మీదే ఆధారపడి ఉంటుంది. వాన సూచన ఉంటే కోత వాయిదా వేయండి. కోసిన పనలు తడిస్తే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయండి. కల్లంలో ధాన్యం ఉంటే పట్టాలు ముందే తెచ్చుకోవాలి, వాన మొదలయ్యాక ఎవరూ అప్పివ్వరు.

కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే బండి దింపకండి, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైకి కనపడదు.

వాన తగ్గాక కాచి చల్లార్చిన నీళ్లే తాగండి. తెగిన తీగ కనపడితే అందులో కరెంటు ఉన్నట్టే లెక్క, దూరంగా నిలబడి కరెంటోళ్లకు ఫోన్ చేయండి. వరదకు పాములు ఇళ్లల్లోకి వస్తాయి, చెప్పులు, చెక్కపెట్టెలు దులిపి చూడండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయొద్దు. కాలు కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.