గ్యాస్ నింపించే ముందు డ్రయ్యర్‌ని పట్టుకుని చూడండి

పర్లాకిమిడిలో మాది చిన్న కూల్‌డ్రింక్ కొట్టు. ఫ్రిజ్ ఆడుతూనే ఉంటుంది, సీసాలు మాత్రం చల్లబడవు. మెకానిక్‌ని పిలిస్తే ముందు వచ్చే మాట "గ్యాస్ అయిపోయింది".

ఆ మాటకు తలూపేముందు ఫ్రిజ్‌ని 20 నిమిషాలు ఆడనిచ్చి, ప్లగ్ తీసేసి, వెంటనే వెనకాల కంప్రెసర్ దగ్గర బొటనవేలంత లావు రాగి గొట్టం వెతకండి. అదే ఫిల్టర్ డ్రయ్యర్. లోపలి గుళికలు తేమను పీల్చుకుంటాయి, జాలీ చెత్తను ఆపుతుంది. రెండు చివర్లూ వేళ్లతో తాకండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే సరే. క్యాపిలరీ అనే సన్నటి గొట్టం తగిలించిన వైపు చల్లగా తగిలితే డ్రయ్యర్ పూడుకుపోయి గ్యాస్ సరిగ్గా ముందుకు పోనట్టే. మా ఫ్రిజ్‌కి ఆ చివర నీటి చుక్కలే పట్టాయి.

గ్యాస్ నిజంగానే కారిపోయి ఉంటే మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, రెండు వైపులా తేడా తెలియదు. పక్కనే కంప్రెసర్ గొట్టం చుర్రుమంటుంది, దాన్ని ముట్టుకోకండి.

ఇంకోటి. గ్యాస్ లైన్ విప్పిన ప్రతిసారీ డ్రయ్యర్ కొత్తది వేయించండి. కొత్తదాని మూతలు సరిగ్గా అతికే ముందు మాత్రమే తీయాలి. మా వైపు వానాకాలం గాలికి కాసేపు తెరిచి పెట్టినా గుళికలు తేమ తాగేస్తాయి.