రేసింగ్ హెల్మెట్‌ను ట్రాక్ మీద పరీక్షించే పద్ధతి: గోదావరి జిల్లాల రైడర్ల కోసం

లక్ష రూపాయలు దాటే రేసింగ్ హెల్మెట్లు కొన్నవారు, కొనాలని చూస్తున్నవారు భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు ఇప్పుడు అరుదేమీ కారు. అరాయ్, షోయీ, ఏజీవీ అన్న హెల్మెట్ కంపెనీల పేర్లు ఇక్కడి కుర్రవాళ్ల నోట బాగానే నలుగుతున్నాయి. అయితే అలాంటి హెల్మెట్ అసలు గుణం బయటపడే చోటు మాత్రం డెల్టాలో లేదు. ఏటిగట్ల మీద రోడ్లు ఇరుకు. 216వ నంబరు జాతీయ రహదారి మీద ధాన్యం ట్రాక్టర్లు, రొయ్యల లారీలు. వీటి మధ్య వేగంగా పోవడం చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ చేటు. అందుచేత పరీక్షను రెండుగా విడదీసుకోవాలి. బండి కదలకుండా చూడగలిగినదంతా ఇంటి దగ్గరే పూర్తి చేసి, వేగం, గాలి ఉంటే తప్ప తేలని సంగతులను మాత్రమే చెన్నై శివారులోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు అట్టేపెట్టుకోవాలి. అక్కడ ప్రతి సెషన్‌కూ, అంటే ట్రాక్ మీద తిరగనిచ్చే ఒక్కో విడతకూ, డబ్బు కడతాం కాబట్టి, నుదుటి దగ్గర నొక్కుతోందా లేదా అని తెలుసుకోవడానికి ఆ సమయాన్ని వెచ్చించడం దండగ.

మన చేతిలో లేని పరీక్ష

హెల్మెట్ దెబ్బను తట్టుకుంటుందా లేదా అన్నది మనం తేల్చగలిగే విషయం కాదు. గుడి మెట్టు మీద కొబ్బరికాయ కొట్టినట్టు కొత్త హెల్మెట్‌ను నేలకేసి కొట్టి దాని గట్టిదనం చూపించే అమ్మకందారులు ఉన్నారు. అలాంటి ప్రదర్శన జరిగిన ముక్కను మాత్రం కొనకండి. పై గుల్ల లోపల ఉండే ఈపీఎస్ పొర, అంటే థర్మోకోల్ జాతికి చెందిన గట్టి నురుగు, తలకు తగలాల్సిన దెబ్బను తాను నలిగిపోయి మింగుతుంది; ఒకసారి నలిగాక తిరిగి పొంగదు, నలిగిన సంగతి పైకి కనిపించదు కూడా.

ఆ పరీక్షను ప్రయోగశాలకు వదిలేసి, అది జరిగిందని చెప్పే ముద్రలను మాత్రం శ్రద్ధగా చదవాలి. ఐరోపా ప్రమాణం ఈసీఈ 22.05 స్థానంలో ఇప్పుడు 22.06 వచ్చింది. పాత పద్ధతిలో ప్రధాన పరీక్ష సెకనుకు 7.5 మీటర్ల వేగంతో జరిగేది. కొత్త పద్ధతిలో అంతకంటే తక్కువగా 6 మీటర్ల వేగంతోనూ, ఎక్కువగా 8.2 మీటర్ల వేగంతోనూ కూడా కొడతారు. వాలుగా తగిలిన దెబ్బకు తల ఎంత విసురుగా మెలితిరుగుతుందో కొలిచే పరీక్షను కూడా చేర్చారు. 8.2 మీటర్లంటే గంటకు దాదాపు 30 కిలోమీటర్లే కదా అని కొందరు పెదవి విరుస్తారు. అది బండి పోతున్న వేగం కాదు, తల వచ్చి నేలను తాకే వేగం. సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి పడినదానితో సమానం. ట్రాక్ మీద జారిపడినవాడు ముందుకు ఎంత దూరం దొర్లినా, అతని తల కిందికి పడే ఎత్తు సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటుంది.

అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య, అంటే ఎఫ్ఐఎం, రేసుల కోసం ప్రత్యేకమైన ఆమోదాన్ని 2019లో మోటోజీపీ ప్రపంచ పోటీల్లో తప్పనిసరి చేసింది. ఆ ఆమోదం ఉన్న హెల్మెట్‌కు క్యూఆర్ కోడ్ గల ముద్ర ఉంటుంది. ఒకే మోడల్ పేరుతో ఆ ముద్ర ఉన్నదీ, లేనిదీ రెండూ అమ్ముడుపోవచ్చు. కాబట్టి పెట్టె మీది పేరు చూసి సంతృప్తి పడకూడదు. ఇక మన రోడ్ల సంగతి వేరు. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. విదేశీ ముద్రలు ఎన్ని ఉన్నా ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్‌తో రావులపాలెం వంతెన మీద ప్రయోగాలు చేయకండి. రోడ్డుకు రోడ్డు హెల్మెట్‌నే పెట్టుకోవాలి.

ఇంటి దగ్గర చేయవలసినవి

కనుబొమలకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల పైన మొదలుపెట్టి, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా టేపు తిప్పి చుట్టుకొలత తీసుకోవాలి. అది సైజును మాత్రమే చెబుతుంది, ఆకారాన్ని చెప్పదు. జుట్టు అణిచి తలను పైనుంచి ఎవరిచేతనైనా ఫోటో తీయిస్తే గుండ్రని తలా, కోలగా ఉన్న తలా అన్నది తెలిసిపోతుంది. కోల తలకు గుండ్రని హెల్మెట్ పెడితే నుదుటి మీద నొక్కి పక్కల వదులవుతుంది. గుండ్రని తలకు కోల హెల్మెట్ పెడితే కణతలు నొప్పి పెడతాయి. ఏ కంపెనీ గొప్పదన్న వాదనలన్నిటికంటే ఈ ఒక్క విషయానికి విలువ ఎక్కువ.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక సౌలభ్యం ఉంది, అది ఉక్కపోత. ఏసీ వేసిన దుకాణంలో ఐదు నిమిషాలు పెట్టుకుంటే ఏ రేసింగ్ హెల్మెట్ అయినా బిగుతుగా, హాయిగా అనిపిస్తుంది. చెంపల దగ్గరి మెత్తలు చెమటకు తడిసి అణిగాక అదే హెల్మెట్ వదులు కావచ్చు. కాబట్టి వేసవి మధ్యాహ్నం పూట ఫ్యాను ఆపి, లోపల పలుచని బాలక్లావా, అంటే తలనూ మెడనూ కప్పే గుడ్డ తొడుగు, తొడుక్కుని, అరగంట సేపు హెల్మెట్ పెట్టుకుని కూర్చోవాలి. పక్కన మంచినీళ్లు ఉంచుకోవాలి. తల తిరిగినట్టు ఉంటే వెంటనే తీసేయాలి. అరగంట తర్వాత గడ్డం దగ్గర పట్టుకుని హెల్మెట్‌ను ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. మెత్తతోపాటు చెంప చర్మం కూడా కదలాలి. మెత్త చర్మం మీద జారుతున్నదంటే సైజు గానీ, మెత్త మందం గానీ సరిపోలేదన్నమాట. తీసిన వెంటనే అద్దంలో నుదురు చూసుకోవాలి. నుదురంతా లేత గులాబీ రంగులో ఉంటే చింత లేదు. ఒకేచోట రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ పడితే ట్రాక్ మీద రెండో సెషన్‌కల్లా అది తలనొప్పిగా మారుతుంది. చెమట కంట్లోకి కారిందా, కనుబొమ పక్కనుంచి చెంపల మీదికి దిగిందా అన్నది కూడా అప్పుడే గమనించాలి.

పట్టీ బిగించాక ఇంకొకరిని పిలిచి, హెల్మెట్ వెనక అడుగు అంచును పట్టుకుని పైకీ ముందుకూ దొర్లించి లాగమనండి. కళ్ల మీదికి వాలవచ్చు గానీ తలనుంచి ఊడి రాకూడదు. పట్టీకి రెండు ఇనుప రింగులు ఉండే డబుల్ డి రింగ్ బకిలే రేసులకు పనికొస్తుంది. గ్లవ్స్ లేకుండా, కళ్లు మూసుకుని దాన్ని బిగించడం, విప్పడం చేతికి అలవాటు కావాలి.

చాలామంది వదిలేసేది, ఇంటి దగ్గర తప్పక చూడవలసినది మరొకటి ఉంది. లెదర్ సూట్ వెనక మెడ కింద ఉండే మూపురం, రేసింగ్ హెల్మెట్ వెనక ఉండే రెక్క ఒకదానికొకటి అడ్డు వస్తాయి. బండిని స్టాండ్ వేసి కదలకుండా నిలబెట్టి, సూటు పూర్తిగా తొడుక్కుని, గడ్డం ట్యాంకుకు ఆనేలా వంగాలి. తల ఎత్తి ముందుకు చూసినప్పుడు ఆ రెక్క మూపురానికి తగిలితే హెల్మెట్ ముందుకు తోసుకొచ్చి, దాని పై అంచు చూపుకు అడ్డుపడుతుంది. ఎదురుగా గోడ మీద సుద్దముక్కతో కింది నుంచి పైకి గీతలు గీసుకుని, ఆ భంగిమలో పైన ఎన్నో గీత వరకు కనిపిస్తున్నదో చూసి, పాత హెల్మెట్‌తో పోల్చుకోండి. రేసింగ్ హెల్మెట్‌లో చూపు కోసం వదిలిన ఖాళీ పైవైపు ఎక్కువగా ఉంటుంది. దానికి మనం ఇచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ రెండు మూడు గీతల కోసమే అనుకోవచ్చు.

బరువు కూడా తూకం వేసి రాసుకోవాలి. ఈ తరగతి హెల్మెట్లు సాధారణంగా కిలోన్నర అటూ ఇటూ తూగుతాయి. యాభై గ్రాముల తేడా గురించి గొప్పలు చెప్పుకునేవారిని పట్టించుకోనక్కరలేదు; ఆ బరువు తల మీద ఎక్కడ మోపుతున్నదన్నదే మెడకు తెలుస్తుంది.

ట్రాక్ మీద

ప్రయాణంలో హెల్మెట్‌ను దాని సంచిలోనే ఉంచి, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే బెర్తు మీద తల పక్కన పెట్టుకోవాలి. పట్టీతో కొక్కేనికి తగిలిస్తే రాత్రంతా గోడకు కొట్టుకుంటుంది.

ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో మొదలైంది, దాదాపు 3.7 కిలోమీటర్ల పొడవు, పన్నెండు మలుపులు ఉంటాయి. పోటీలో దిగాలంటే దేశంలో మోటార్ క్రీడలను నడిపే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు కావాలి. పోటీ లేకుండా సొంత బండితో తిరగనిచ్చే ట్రాక్ డే అయితే నిర్వాహకుల నిబంధనలు ముందే తెలుసుకోవాలి. ట్రాక్‌కే కొత్త అయినవారు ఆ మొదటి రోజున హెల్మెట్ పరీక్ష పెట్టుకోవద్దు. దారి నేర్చుకుంటున్న మనసుకు హెల్మెట్‌ను గమనించే తీరిక ఉండదు.

తొలి సెషన్‌లో పాత హెల్మెట్‌తోనే తిరగాలి. పోల్చడానికి ఆధారం ఉండాలి కదా. రెండో సెషన్ నుంచి కొత్తది పెట్టుకుని, ఒక్కో సెషన్‌కు ఒక్క ప్రశ్న మాత్రమే తీసుకెళ్లాలి. చెవుల్లో ప్లగ్‌లు రెండు హెల్మెట్లకూ ఒకేరకంగా ఉండాలి. రేసింగ్ హెల్మెట్లు సహజంగానే ఎక్కువ మోత పెడతాయి కాబట్టి ప్లగ్‌లు లేకుండా మోతను అంచనా వేయడంలో అర్థం లేదు. ప్లగ్‌లు ఉన్నా సన్నని ఈల వినిపిస్తుంటే మాత్రం వైజర్, అంటే ముఖం ముందుండే పారదర్శకమైన మూత, అంచు సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి.

మొదటి ప్రశ్న నిలకడ. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు; వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుంది. 60లో ఒద్దికగా ఉన్న హెల్మెట్ 180లో ఎలా ప్రవర్తిస్తుందో రోడ్డు మీద చెప్పలేకపోవడానికి కారణం ఇదే. మీ మామూలు వేగంలో మూడు వంతులు దాటకుండా మొదలుపెట్టి, తిన్నగా ఉన్న చోట పూర్తిగా వంగి, హెల్మెట్ నిశ్చలంగా ఉందా, సన్నగా అదురుతోందా అన్నది చూడాలి. తర్వాత బ్రేక్ వేసే చోట ఛాతీ పైకి లేపిన క్షణాన్ని ప్రత్యేకంగా గమనించాలి. విండ్ స్క్రీన్ చాటునుంచి తల ఒక్కసారిగా గాలిలోకి వస్తుంది. గాలి గడ్డం కింద దూరి హెల్మెట్‌ను పైకి ఎత్తబోతుంది. పట్టీ గొంతుకు పట్టేస్తే, లేదా మలుపు ఎంత దూరంలో ఉందో చెప్పే బ్రేక్ మార్కరు బోర్డు మీది అంకె అదిరి రెండుగా కనిపిస్తే, అది సర్దుకుపోవలసిన లోపం కాదు. చేయి ఎత్తి సైగ చేసి, ట్రాక్ పక్కన బళ్లు ఆపుకునే దారి అయిన పిట్ లేన్‌లోకి వచ్చేయాలి. వేగంలో హెల్మెట్‌ను చేత్తో సర్దుకోవడం, వైజర్ పైకెత్తడం రెండూ నిషిద్ధమనుకోవాలి.

వంగిన భంగిమలోనే నిలకడగా ఉండి, తల కొంచెం పక్కకు తిప్పగానే గాలి విసిరేసే హెల్మెట్లు కొన్ని ఉంటాయి. వెనక ఎవరూ లేరని ముందే చూసుకుని, తిన్నని చోట, మధ్యరకం వేగంలో తలను కొద్దిగా, అంటే మలుపు లోపలి అంచును చూడడానికి తిప్పినంత మాత్రమే తిప్పి చూడాలి. భుజం మీదుగా వెనక్కి చూడనక్కరలేదు.

రెండో ప్రశ్న చూపు. బండి వాలి ఉన్నప్పుడు మనం వైజర్ మధ్యలోంచి చూడం, పై మూలలోంచి చూస్తాం. వైజర్ వంపు అక్కడే ఎక్కువ కాబట్టి దృశ్యం వంకరపోతే అక్కడే పోతుంది. ట్రాక్ అంచు తెల్లగీత ఆ మూలలో విరిగినట్టుగానో, మలుపు అంచున ఉండే రంగుల గట్టు (కర్బ్) దగ్గరికి జరిగినట్టుగానో కనిపిస్తే రాసిపెట్టుకోండి. ఎడమ మలుపులకూ కుడి మలుపులకూ విడివిడిగా చూడాలి.

గాలి రంధ్రాల సంగతి మధ్యాహ్నానికి వదిలేయండి. అన్నీ మూసి కొన్ని ల్యాప్‌లు, తెరిచి అన్నే ల్యాప్‌లు తిరిగితే తేడా తెలుస్తుంది. నడినెత్తి మీద చల్లదనం తగిలితే రంధ్రాలు నిజంగా పనిచేస్తున్నట్టు. లేకపోతే అవి అలంకారమే. పిట్ లేన్‌లో నెమ్మదించినప్పుడు వైజర్‌కు పొగమంచులా ఆవిరి పట్టడం కూడా గమనించాలి, ఎందుకంటే రేపు వర్షంలో రేసు జరిగితే గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే వరుసలో, నిలబడినప్పుడు ఎదురయ్యే ఇబ్బంది అదే. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తోసుకొస్తే, ఉదయం రాసుకున్న నిలకడ మార్కులతో పోల్చేటప్పుడు ఆ తేడాను మినహాయించుకోవాలి.

ప్రతి సెషన్ తర్వాత హెల్మెట్ తీసిన వెంటనే, కబుర్లలో పడకముందే నోట్సు రాయాలి. పక్కవాడు "బ్రహ్మాండంగా ఉంది కదండీ" అన్నాక మన నొప్పి మనకే గుర్తుండదు.

ఊడదీసే సాధన

పడిపోయినవాడి తలనుంచి హెల్మెట్‌ను మెడ కదలకుండా తీయడానికి ఈ తరగతి హెల్మెట్లలో చెంప మెత్తలను కిందినుంచి లాగేసే ఏర్పాటు ఉంటుంది. చాలావాటిలో దానికి ఎర్రటి పట్టీలు కనిపిస్తాయి. ఆ ఏర్పాటు పనిచేస్తుందో లేదో ప్యాడాక్‌లోనే, అంటే ట్రాక్ వెనక రైడర్లు బళ్లు సిద్ధం చేసుకునే చోటే, చూడాలి. మీరు నేల మీద వెల్లకిలా పడుకోండి. ఒకరు తలనూ మెడనూ కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు గడ్డం పట్టీ విప్పి, రెండు మెత్తలనూ ఒకదాని తర్వాత ఒకటి లాగాలి, ఆ తర్వాత హెల్మెట్‌ను మెల్లగా జరపాలి. తడిసిన మెత్త ఎండుదాని కంటే మొండిగా వస్తుంది, కాబట్టి చివరి సెషన్ అయ్యాక చేయడం మేలు. మీతో వచ్చిన స్నేహితుడికి ఇది తెలిసి ఉండాలి. నిజంగా పడినప్పుడు మాత్రం ఆ పని ట్రాక్ భద్రత చూసే మార్షళ్లకూ వైద్య సిబ్బందికీ వదిలేసి, స్నేహితుడు ఆ పట్టీలు ఎక్కడున్నాయో చూపిస్తే చాలు.

పరీక్ష మధ్యలో పడి తల నేలకు తగిలితే హెల్మెట్ పని అయిపోయినట్టే. గీత చిన్నదే అన్న సమాధానం చెప్పుకోకూడదు.

తిరిగి వచ్చాక

నోట్సు దగ్గర పెట్టుకుని నిర్ణయం తీసుకోండి. చెంపల దగ్గర మాత్రమే వదులైతే మందమైన మెత్తలు విడిగా దొరుకుతాయి, హెల్మెట్ మార్చనక్కరలేదు. నడినెత్తి దగ్గర వదులుగా ఉండి అదిరితే చిన్న సైజుకు దిగాలి. మూపురం తగిలే సమస్యకు హెల్మెట్‌ను నిందించే ముందు సూటునూ, హ్యాండిల్ ఎత్తునూ కూడా చూడాలి. ఒకసారి ట్రాక్ మీద వాడినదాన్ని వెనక్కి తీసుకునే దుకాణాలు తక్కువ గనుక, డెమో ముక్క ఇస్తారా అని కొనకముందే అడగడం మంచిది.

లోపలి మెత్తలను ఊడదీసి గోరువెచ్చని నీటిలో, తేలికపాటి సబ్బుతో ఉతికి నీడన ఆరవేయాలి. డాబా మీద ఎండలో పెట్టకూడదు. వైజర్‌ను పెట్రోలుతో గానీ, గాజు తుడిచే ద్రావకాలతో గానీ తుడవకండి. తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచితే ఎండిపోయిన పురుగులు వాటంతట అవే వదులుతాయి. వానాకాలంలో మన ఇళ్లలో తోలు చెప్పులకే బూజు పడుతుంది కాబట్టి, పూర్తిగా ఆరకముందే సంచిలో పెట్టి మూతి బిగించకుండా, గాలి ఆడే అలమరలో, కాస్త సిలికా జెల్ పక్కన వేసి ఉంచాలి.