తొలి బేస్ గిటారిస్టు జీవితకథ రాయడం ఎలా: స్టువర్ట్ సట్‌క్లిఫ్ ఉదాహరణగా

ఒక రాక్ బృందానికి పేరు రాకముందే దాని నుంచి తప్పుకున్న వాద్యకారుడి గురించి రాసేవారు, ఆ బృందం తరువాత సంపాదించిన కీర్తిని మొదటి పేజీల్లోకి రానివ్వకూడదు. బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్‌కు తొలి బేస్ గిటారిస్టు (మంద్రస్వరాలు పలికించే గిటారు వాయించేవాడు) స్టువర్ట్ సట్‌క్లిఫ్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 1961లో అతను వదులుకున్నది ప్రపంచఖ్యాతి కాదు. జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో తాగి గోల చేసే జనం ముందు అర్ధరాత్రి దాటేదాకా వాయించే కొలువు. ఆ నిర్ణయాన్ని త్యాగమనో దురదృష్టమనో రాయడమంటే మనకు తెలిసిన తరువాతి కథను అతని నెత్తిన రుద్దడమే.

ముందుగా ‘తొలి’ అన్నదానికి హద్దు గీసుకోవాలి. ఈ బృందం క్వారీమెన్ అనే పేరుతో ఉన్న రోజుల్లోనే టీ పెట్టెకు కర్ర, తాడు బిగించి మంద్రస్వరం పలికించేవారు; లెన్ గ్యారీ ఆ పని చేసినవారిలో ఒకడు. అందువల్ల స్టువర్ట్‌ను ఆ బృందంలో ఎలక్ట్రిక్ బేస్ పట్టిన మొదటివాడని రాస్తే కచ్చితంగా ఉంటుంది.

ఆ తరువాత కాలక్రమ పట్టిక తయారు చేసుకోండి. 1940 జూన్ 23న ఎడిన్‌బరోలో పుట్టుక, లివర్‌పూల్ ఆర్ట్ కాలేజీలో ఆ బృందం నడిపిన జాన్ లెనన్‌తో స్నేహం, 1960 ఆరంభంలో బృందంలో చేరిక, అదే ఏడాది ఆగస్టులో హాంబర్గ్ ప్రయాణం, 1961 వేసవిలో నిష్క్రమణ, 1962 ఏప్రిల్ 10న మరణం. సంగీతానికి సంబంధించిన ప్రతి తేదీ పక్కన అప్పుడు అతను చిత్రకారుడిగా ఏం చేస్తున్నాడో కూడా రాసుకుంటే, బేస్ గిటారు అతని జీవితంలో ఏడాదిన్నర మాత్రమే నడిచిన వ్యవహారమని, రంగులూ కాన్వాసూ దానికి ముందూ వెనుకా, దానితోపాటూ ఉన్నాయని పట్టికే చెబుతుంది.

వాయిద్యం దగ్గర కాస్త ఆగడం మంచిది. స్టువర్ట్ వేసిన ఒక చిత్రం లివర్‌పూల్‌లోని జాన్ మూర్స్ చిత్రకళా ప్రదర్శనకు ఎంపికైంది. దాన్ని మూర్స్ స్వయంగా 65 పౌండ్లకు కొన్నాడు. ఆ డబ్బంతా పోసి స్టువర్ట్ హాఫ్‌నర్ కంపెనీ బేస్ గిటారు కొన్నాడన్నది ప్రచారంలో ఉన్న కథ. కొంత మొత్తం ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద తీర్చే ఒప్పందంతో తీసుకున్నాడన్నది మరో కథనం. ఇలాంటి చోట సొగసైన కథను కాక, ఆ కాలపు కుర్రాళ్ల ఆర్థిక స్థితికి సరిపోయే కథనాన్నే ముందు పెట్టి, రెండోది కూడా ఉందని చెప్పాలి. ఆ హాఫ్‌నర్ 500/5 బోలు శరీరంతో, వెడల్పుగా ఉండే గిటారు; నాటి ఫొటోల్లో చిన్నపాటి స్టువర్ట్ ఒంటి ముందు అది తలుపు చెక్కంత కనిపిస్తుంది. ఇలాంటి వివరం ఒకటి పడితే పాఠకుడికి మనిషి కళ్లకు కడతాడు.

అసలు చిక్కు అతని వాయించే సామర్థ్యం గురించి రాసేటప్పుడు వస్తుంది. 1960 మే నెలలో సంగీత కార్యక్రమాల నిర్వాహకుడు ల్యారీ పార్న్స్ ఎదుట ఇచ్చిన ఆడిషన్ ఫొటోల్లో స్టువర్ట్ వీపు తిప్పి నిలబడి ఉంటాడు. వాయించడం రాదని దాచుకోవడానికే అలా నిలబడ్డాడని, అతని వల్లే అవకాశం పోయిందని అప్పటి మేనేజరు అలన్ విలియమ్స్ చెప్పుకొచ్చాడు. పార్న్స్ మాత్రం తరువాత దాన్ని ఖండించి, తన అభ్యంతరం డ్రమ్మర్ గురించేనన్నాడు. హాంబర్గ్‌లో కొన్నాళ్లు అతనితో కలిసి వాయించిన శాక్సోఫోన్ కళాకారుడు హౌవీ కేసీ అతని వేదిక తీరును మెచ్చుకున్నాడు. కాబట్టి ఒక్కొక్క సాక్ష్యం ఎవరిది, ఎన్నేళ్ల తరువాత చెప్పినది, చెప్పినవారికి ఏ పక్షపాతం ఉండవచ్చు అని చూడకుండా తీర్పు రాయకూడదు. చెవితో తేల్చుకోదలచినవారికి 1995లో వెలువడిన బీటిల్స్ ఆల్బమ్ ఆంథాలజీ మొదటి భాగంలో 1960 నాటి ఇంటి రికార్డింగులు మూడు ఉన్నాయి. అవి విన్నాక అతను గొప్ప వాద్యకారుడని నేననను. పాటను మోసే పాటి వాయించగలిగాడనే అంటాను. 1961 జూన్‌లో గాయకుడు టోనీ షెరిడన్‌తో చేసిన రికార్డింగుల్లో బేస్ వాయించింది బృందంలోని పాల్ మెకార్ట్నీ. వాటిని పొరపాటున స్టువర్ట్ ఖాతాలో వేయకండి.

స్టువర్ట్ ప్రేమించిన ఫొటోగ్రాఫర్ ఆస్ట్రిడ్ కిర్షెర్ గురించి రాసేటప్పుడు ఆమెను ప్రేయసి పాత్రకే పరిమితం చేయకండి. బీటిల్స్ తొలి రూపాన్ని ప్రపంచం చూసేది ఆమె తీసిన ఛాయాచిత్రాల్లోనే. స్టువర్ట్ హాంబర్గ్‌లో ఉండిపోవడానికి ఆమె ఒక కారణమైతే, అక్కడి కళాశాలలో శిల్పి ఎడ్వర్డో పాయొలోజ్జీ దగ్గర చదువు మరో కారణం. తన ఉత్తమ విద్యార్థుల్లో ఒకడిగా ఆ శిల్పి అతన్ని లెక్కించాడు.

మరణం గురించి ఎంత తక్కువ ఊహిస్తే అంత మేలు. కొన్ని నెలలుగా తీవ్రమైన తలనొప్పులతో బాధపడిన స్టువర్ట్, ఆసుపత్రికి తీసుకువెళుతుండగా అంబులెన్సులోనే, 21 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావంతో చనిపోయాడు. పాత కొట్లాటలో తలకు తగిలిన దెబ్బే కారణమని కొందరు, లెననే కొట్టాడని అతని చెల్లెలు రాశారు. వీటిని ఎవరి మాటో చెప్పి, నిర్ధారణ కాని వాదనలుగానే రాయాలి. ఆ తరువాత బీటిల్స్ సభ్యులు హాంబర్గ్ విమానాశ్రయంలో దిగగా, ఆ వార్త చెప్పింది ఆస్ట్రిడ్.

1967లో బీటిల్స్ ఆల్బమ్ సార్జెంట్ పెప్పర్ అట్టమీద అతని ముఖం కనిపించడం వంటి తరువాతి సంగతులకు ఒక పేరా చాలు. అతని మీద 1994లో సినిమా కూడా వచ్చింది; అందులోని సంభాషణలను ఆధారంగా తీసుకోకండి. మిగిలే చోటును అతని చిత్రాలకు కేటాయించండి.